పాఠకులు ఆగిన చోటు

కెనడాలోని సడ్‌బరీ అనే గనుల పట్టణంలో ముప్పై నాలుగేళ్లుగా పుస్తక సమీక్షలు రాస్తున్న హిల్కా సాల్మినెన్ గారిని, పుస్తకంలో లేని నాలుగు వాక్యాలను మెచ్చుకున్న నేరానికి, ఫిబ్రవరి రెండో గురువారం నాడు 'బీకన్' పత్రిక యాజమాన్యం కొలువు నుంచి తాత్కాలికంగా పక్కన పెట్టింది. ఉన్న వాక్యాలను తిట్టినందుకు ఇంతకుముందు ఆవిడ మీద పదకొండు ఫిర్యాదులు వచ్చాయి. లేని వాటిని పొగిడారన్న ఫిర్యాదు రావడం ఇదే మొదలు. పత్రిక చరిత్రలో కూడా ఇదే మొదలు కాబట్టి, యాజమాన్యం వారు ఆలోచించడానికి సమయం వృథా చేయలేదు.

నేరం రుజువైందా అని అడగకండి. ఒక పాఠకురాలు సమీక్ష కింద "ఈ మాటలు పుస్తకంలో ఎక్కడా లేవు, నేను వెతికాను" అని రాసింది. నాలుగు వందల పన్నెండు మంది బొటనవేలు ఎత్తి అవునన్నారు. వారిలో ఆ పుస్తకం చదివినవారు ఎందరన్న ప్రశ్న కొందరు గిట్టనివాళ్లు లేవనెత్తారు గానీ, బొటనవేలు ఎత్తడానికి పుస్తకం చదివి ఉండాలన్న నిబంధన ఎక్కడా లేదు.

బీకన్ పత్రిక నాలుగేళ్ల కిందట కాగితం మానేసి ఫోన్లోకి కాపురం మారింది. కొత్త ఇంట్లో విమర్శకు కూడా మంచి రోజులు వచ్చాయి. 'విమర్శ' అనే మాట కటువుగా ఉందని ఆ శీర్షిక పేరు 'మీకోసం' అని మార్చారు. నాలుగు చుక్కలకు తక్కువ ఇస్తే రచయితల మనసు నొచ్చుకుంటుందని, అయిదుకు తక్కువ ఇస్తే ప్రచురణకర్తల మనసు నొచ్చుకుంటుందని తేలింది. ఒక సమీక్ష చదవడానికి పట్టే సమయం, ఎల్మ్ వీధిలో రైలు గేటు పడి లేచే సమయాన్ని మించకూడదని నిర్ణయించారు. గూడ్సు బండి పొడుగ్గా ఉన్న రోజుల్లో సాహిత్యానికి కాస్త వెసులుబాటు దొరికేది. ఇక, ప్రతి సమీక్షకుడికీ తనదైన సొంత గొంతు ఉండాలని పత్రిక గట్టిగా ఆశించింది. సొంత గొంతు ఎలా ఉండాలో ఏడు సూత్రాలు రాసి అందరికీ ఒకే కాపీ పంచింది.

హిల్కా ఆ ఏడు సూత్రాలనూ చదివి, తన పూల కుండీ కింద తడి అంటకుండా పరిచింది. ఆవిడకు పాత అలవాటు ఒకటుంది. పుస్తకంలో నచ్చిన వాక్యాన్ని పెన్సిలుతో చిన్న అట్టముక్క మీద రాసుకుంటుంది. సమీక్ష బయటికి పంపేముందు ఆ అట్టముక్కను అసలు పుస్తకంతో అక్షరం అక్షరం పోల్చుకుంటుంది. వెనకటి రోజుల్లో ప్రచురణకర్తలు సమీక్షకులకు ముందుగా పంపే ప్రతుల మీద ఒక హెచ్చరిక ఉండేది. పుస్తకం పూర్తయి వచ్చాక సరిచూసుకోకుండా ఇందులోంచి ఏమీ ఎత్తి రాయరాదు అని. హిల్కా ఆ మాటను ముప్పై నాలుగేళ్లు శిరసావహించింది. పుస్తకం పూర్తవడమనేదే ఆగిపోయిందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఒమేర్ లషాన్స్ అనే డెబ్బై ఒక్కేళ్ల రిటైరైన గని కార్మికుడు రాసిన నవల అది. పేరు 'రెండో షిఫ్టు'. టొరంటోలోని ఒక సంస్థ దాన్ని 'సజీవ గ్రంథం'గా వెలువరించింది. అంటే అది ఫోన్లలోనూ ట్యాబ్లెట్ పలకల్లోనూ మాత్రమే ఉంటుంది, పాఠకుల కోరికలను బట్టి వారం వారం తనను తాను సరిదిద్దుకుంటుంది. హిల్కా నవల మొత్తం చదివి, మూడొంతులు పాత సరుకేనని, ప్రేమ కథ అతికినట్టు లేదని, పోట్లాట ఘట్టాలు వినికిడి మీద రాసినట్టున్నాయని తేల్చింది. కానీ అరవై ఒకటో పుటలో నాలుగు వాక్యాల దగ్గర ఆవిడ చేతిలో టీ చల్లారిపోయింది. పెన్సిలు తీసి అట్టముక్క మీద రాసుకుంది:

"అన్నయ్యను పైకి తేలేదు. అతని టిఫిన్ డబ్బా తెచ్చారు. అందులో సగం కొరికిన రొట్టె ఉంది. అది పారెయ్యమని అమ్మ చెప్పలేదు, పారేద్దామా అని మేమూ అడగలేదు."

ఈ నాలుగు వాక్యాల కోసం మిగతా మూడు వందల పుటలనూ క్షమించవచ్చు అని సమీక్షలో రాసింది. మంగళవారం పొద్దున మూడోసారి సరిచూసి పంపింది. బుధవారం పొద్దున పుస్తకం తనను తాను సరిదిద్దుకుంది. గురువారం పొద్దున హిల్కా అబద్ధాలకోరు అయింది.

విచారణ జరిపినవాడు కీగన్ ప్రాట్. వయసు ఇరవై తొమ్మిది. హోదా పాఠక సంలగ్నతా విభాగ సంచాలకుడు, అంటే పాఠకులు దేనికి ఎంతసేపు అతుక్కున్నారో లెక్క చూసేవాడు. మంచివాడు, మర్యాదస్తుడు, ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ స్క్రీన్ మీద అంకెలు చూస్తూనే తల ఊపగలిగిన సమర్థుడు.

"హిల్కా గారూ, మీమీద నాకు గౌరవం ఉందండి. కానీ సాఫ్ట్‌వేర్‌కి ఆ ఇబ్బంది ఉండదు కదా. మీ సమీక్షని దాంట్లో పెట్టాం. యంత్రం రాతతో పోలిక తొంభై ఒక్క శాతం వచ్చింది."

"రెండేళ్ల కిందట నా పాత సమీక్షలన్నీ మూటగట్టి, యంత్రానికి రాయడం నేర్పమని ఎవరికో ఇచ్చారు. గుర్తుందా?"

"అవునండి. దానికి మీరు ఎంతో తోడ్పడ్డారు. వార్షిక నివేదికలో ధన్యవాదాలు కూడా చెప్పాం."

"మరి దాని పోలికలు నాకొచ్చాయా, నా పోలికలు దానికొచ్చాయా?"

"ఆ వివరం సాఫ్ట్‌వేర్ ఇవ్వదండి."

"కూతురి పోలికలు ఉన్నాయని తల్లిని పట్టుకెళ్లి లాకప్పులో పెట్టినట్టుంది నాయనా నీ వరస."

కీగన్ నొచ్చుకున్నాడు. నొచ్చుకున్నప్పుడు ఎలా నవ్వాలో అతనికి శిక్షణ ఇచ్చారు. నవ్వి, పలకలోని పుస్తకం తెరవమన్నాడు. హిల్కా తెరిచింది. అరవై ఒకటో పుటలో ఆవిడ పసుపు రంగు పూసుకున్న చోటు పూసినట్టే ఉంది. రంగు కింద మాత్రం వేరే మాటలు కూర్చుని ఉన్నాయి: "అన్నయ్య మమ్మల్ని విడిచి వెళ్లినా అతని జ్ఞాపకాలు మా గుండెల్లో పదిలం. అమ్మ డబ్బాను శుభ్రంగా కడిగింది. జీవితం ముందుకు సాగాల్సిందేనని ఆ రోజు మేం నేర్చుకున్నాం."

"చూశారా, మీరు గుర్తు పెట్టుకున్నది ఇదేనని రికార్డు చెప్తోంది" అన్నాడు కీగన్. "ఫిబ్రవరి ఆరు, మధ్యాహ్నం రెండూ పదహారు. పసుపు రంగు."

"ఈ చెత్తకి నేను రంగు పూశానా?"

"రికార్డు అలా ఉందండి."

హిల్కా సంచిలోంచి అట్టముక్క తీసి బల్ల మీద పెట్టింది. కీగన్ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఏ మూల నొక్కాలో తెలియక తిరిగి ఇచ్చాడు.

"ఇది సాక్ష్యం కిందకి రాదండి. చేత్తో ఎవరైనా రాయొచ్చు కదా."

"నేను ముప్పై నాలుగేళ్లుగా చెప్తున్నది అదే నాయనా. ఎవరైనా రాయొచ్చు. ఎవరూ రాయట్లేదు."

సోమవారం మధ్యాహ్నం పన్నెండింటిలోగా ఆ వాక్యాలు పుస్తకంలో ఉన్నట్టు చూపించాలనీ, లేకపోతే 'యంత్రం సాయంతో కల్పించిన సమీక్ష' అన్న ముద్ర ఆవిడ పేరు మీద శాశ్వతంగా ఉంటుందనీ, అది ఈ ఒక్క సమీక్షకే కాక ముందుజాగ్రత్తగా ముప్పై నాలుగేళ్ల సమీక్షలన్నిటి మీదా వేస్తామనీ కీగన్ ఎంతో మృదువుగా తెలియజేశాడు.

హిల్కాకు కొలువు పోతుందన్న బెంగ లేదు. ఎటూ పోయేదే. కానీ ఆవిడ తండ్రి గనిలో డ్రిల్లు పట్టిన మనిషి. కూతురి పేరు పేపర్లో పడిన ప్రతి ముక్కనూ కత్తిరించి బిస్కెట్ల డబ్బాలో దాచి, ఇంగ్లీషు సరిగా రాకపోయినా వేలు పెట్టి ఒక్కో మాటా చదివి చచ్చిపోయాడు. ఆ డబ్బాలో ఉన్నవన్నీ కల్పించినవి అంటే ఆవిడ ఒప్పుకోదు.

టొరంటోకు ఫోను చేసింది. సజీవ గ్రంథ విభాగం వారు ఎంతో ఆదరంగా మాట్లాడారు.

"అమ్మా, అరవై ఒకటో పుట దగ్గర వెయ్యీ నూట నలభై మంది పాఠకులు ఆగిపోయారు. కొందరు పది నిమిషాలు పేజీ తిప్పలేదు. కొందరైతే ఆ రోజుకి పుస్తకమే మూసేశారు. మా జాబితాలో ఇంత ఘోరమైన ఆటంకం ఇంకే పుస్తకంలోనూ నమోదు కాలేదు. రోడ్డు మీద గుంట లాంటిదమ్మా అది. పూడ్చేశాం. ఇప్పుడు ఆ పుటని సగటున పదకొండు సెకన్లలో దాటేస్తున్నారు."

"ఎందుకు ఆగారో ఎవర్నైనా అడిగారా?"

"అడగడం దేనికమ్మా? ఆగినట్టు లెక్క ఉందిగా."

"పోనీ, పాత ప్రతి ఒకటి పంపండి."

"పాత ప్రతి అనేది ఉండదమ్మా. ఇప్పుడున్నదే ఎప్పుడూ ఉన్నది. రచయిత గారు కూడా ఆ మేరకు సంతకం చేశారు. మీ అభిప్రాయం మాకు విలువైనది. ఈ సంభాషణకి ఎన్ని చుక్కలిస్తారు?"

శనివారం మధ్యాహ్నం హిల్కా, చలికి కారు ఇంజను బిగుసుకోకుండా తగిలించిన హీటరు వైరు గోడలోంచి పీకి, రచయితను వెతుక్కుంటూ మాజీ సైనికుల క్లబ్బుకు బయల్దేరింది. శనివారం వస్తే ఆ పట్టణంలో పని చేసేవాళ్లూ మానేసినవాళ్లూ అక్కడే ఉంటారు. వెల్లుల్లీ సోంపూ దట్టించి కాల్చిన పంది మాంసం వాసన బయట పార్కింగ్‌దాకా వస్తుంది. ఆ మాంసమే పందెం. ఒక్కొక్కరికీ పేకముక్కలు పంచుతారు, మైకులో ఒక్కో ముక్కా పిలుస్తారు, చేతిలోవి అన్నీ పలికినవాడికి ఒక పొట్లం. మైకు దగ్గర జినెట్ ఉంది. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన గొంతు ఆమెది, మైకు మొహమాటానికి పెట్టుకుంటుంది.

"ఇస్పేటు రాణి. ఏం బాబులూ, రాణి ఎవరికీ లేదా? మీ మొహాలకి ఎక్కడుంటుందిలే. ఆటీను ఏడు."

ఒమేర్ లషాన్స్ కిటికీ పక్క బల్ల దగ్గర నాలుగు ముక్కలు పరుచుకుని కూర్చున్నాడు. హిల్కా పేరు చెప్పగానే కళ్లజోడు పైకి నెట్టి చూశాడు.

"టౌనో సాల్మినెన్ కూతురివి కదూ? మీ నాన్నా నేనూ ఒకే షిఫ్టు. రా అమ్మాయ్, కూర్చో. నా ప్రేమ కథ అతకలేదని రాసింది నువ్వేనా?"

"అతకలేదు కాబట్టే రాశానండి."

"అతకలేదులే. అది నా మనవరాలు పెట్టించింది. మూడు పాయింట్ ఒకటి ఉండే రేటింగు నాలుగు పాయింట్ ఆరు అయింది తెలుసా? మొన్న ఇంట్లో కేకు కోశారు."

"మీరు కొత్తది చదివారా?"

"రాసినవాణ్ని, నేను మళ్లీ చదవడం ఏమిటి?"

హిల్కా అట్టముక్క ఆయన ముందు పేకముక్కల పక్కన పెట్టింది. ఒమేర్ పెదవులు కదుపుతూ చదివాడు. ఆ తర్వాత ఆవిడ ఫోన్లో ఇప్పటి అరవై ఒకటో పుట తీసి చూపించింది. దాన్నీ చదివాడు. ఈసారి పెదవులు కదలలేదు.

"వీళ్లు ఎప్పుడు మార్చారిది?"

"మీ అనుమతితోనే మార్చామంటున్నారు."

"వారానికోసారి ఫోన్లో ఏదో వస్తుంది, ఒప్పుకుంటున్నాను అని నొక్కమంటుంది. నొక్కితే గానీ వాతావరణం చూడనివ్వదు. నొక్కుతూ ఉంటాను." కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "మా అమ్మ ఆ డబ్బా కడగలేదు అమ్మాయ్."

"ఆ మాట సోమవారం మా ఆఫీసుకొచ్చి చెప్పాలి."

"చెప్తే పుస్తకం నాది కాకుండా పోతుందని కాగితంలో ఉంది. ఇప్పుడున్నదే నేను రాసిందని సంతకం పెట్టాను. యాభై ఏళ్లు పట్టింది నాకు. మా అన్న రేయల్ పేరు ఉన్నది దాంట్లోనే. గని గేటు దగ్గర ఫలకం మీద కూడా స్పెల్లింగు తప్పు."

వాదించడానికి హిల్కా దగ్గర ఉన్నది తన పేరొక్కటే. ఎదురుగా ఉన్నాయన దగ్గర చచ్చిపోయిన అన్న పేరు ఉంది. రెంటినీ తూచడం మర్యాదగా తోచలేదు.

"కళావరు తొమ్మిది" అని పిలిచింది జినెట్. "కళావరు తొమ్మిది. ఒరే ఒమేరూ, నీకు మిగిలిన ఆఖరి ముక్క అదే కదరా, ఇక్కణ్నించి కనిపిస్తోంది. ఆడతావా, ఆడవాళ్లతో కబుర్లాడతావా? వచ్చి నీ పొట్లం పట్టుకుపో."

హాలంతా నవ్వింది. ఒమేర్ లేచి మైకు దగ్గరికి వెళ్లాడు. పొట్లం తీసుకోలేదు. చేతిలో పేకముక్క ఉందనుకున్నారు అందరూ. అది అట్టముక్క. మైకు ముందుకు వంగి ఆ నాలుగు వాక్యాలూ చదివాడు. చదివి అక్కడే నిలబడ్డాడు.

అరవై మంది ఉన్నారు ఆ హాల్లో. సగానికి పైగా గనిలోకి దిగినవాళ్లు, మిగతావాళ్లు దిగినవాళ్ల కోసం ఎదురు చూసినవాళ్లు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వంటింట్లో నూనె మరుగుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. జినెట్ చేతిలో పైకెత్తిన ముక్క పైకెత్తినట్టే ఉండిపోయింది. ఎంతసేపన్నది ఎవరూ లెక్కపెట్టలేదు. ఎవరూ ఫోను కూడా బయటికి తీయలేదు. అందుచేత ఈ సంఘటన జరిగినట్టు ఆధారాలు లేవు.

సోమవారం పదకొండున్నరకు ఒమేర్ బీకన్ కార్యాలయానికి వచ్చాడు. చంకలో ఒక అల్యూమినియం టిఫిన్ డబ్బా ఉంది. గనిలో మీద కూర్చున్నా సొట్టపడని రకం.

"ఆ నాలుగు వాక్యాలూ నేను రాశాను. కడిగిందని రాయలేదు. ఇదిగో, కడగలేదు."

డబ్బా మూత తీసి కీగన్ ముందు పెట్టాడు. కీగన్ లోపలికి చూశాడు. స్క్రీన్ మీద అతని వేలు ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది. ఆ నిలుపుదల కూడా ఏ లెక్కలోనూ చేరలేదు.

న్యాయం వెంటనే జరిగింది. ఇప్పుడున్న పాఠాన్ని కాదన్న రచయిత దానికి రచయిత కాడు కనుక, నలభై నిమిషాల్లో 'రెండో షిఫ్టు' అట్ట మీద ఒమేర్ పేరు తీసి 'సంపాదక బృందం' అని పెట్టారు. చనిపోయిన అన్న పేరు పలకడానికి కష్టంగా ఉందని అంతకుముందే అందిన విన్నపాన్ని కూడా పనిలో పనిగా పరిష్కరించారు. పుస్తకం రేటింగు నాలుగు పాయింట్ ఏడుకు చేరింది.

బీకన్ విచారణ నివేదిక కూడా నిష్పక్షపాతంగా వచ్చింది. హిల్కా సాల్మినెన్ గారు ఆ వాక్యాలను కల్పించలేదని తేలింది. అయితే వెయ్యీ నూట నలభై మంది పాఠకులు ఆగిపోయిన వాక్యాలను ఆవిడ పనిగట్టుకుని మెచ్చుకున్నారనీ, పాఠకుల అభిరుచికి ఆవిడ ఎంత దూరమైపోయారో దీన్నిబట్టి తెలుస్తోందనీ నివేదిక విచారం వెలిబుచ్చింది. అబద్ధం ఆడి ఉంటే ముద్ర వేసి వదిలేసేవారు. నిజం చెప్పారు కాబట్టి పదవీ విరమణ తప్పలేదు.

వీడ్కోలు సభలో కీగన్ ప్రసంగం అందరినీ ఆకట్టుకుంది. "హిల్కా గారు వెళ్తున్నారు గానీ హిల్కా గారి గొంతు మనతోనే ఉంటుంది. ముప్పై నాలుగేళ్ల ఆ గొంతును యంత్రం క్షుణ్నంగా నేర్చుకుంది. ఇకనుంచి 'హిల్కా మాట' అనే శీర్షిక రోజుకి నలభై సమీక్షలు అందిస్తుంది. ఆవిడకి సెలవులు కావాలి, దానికి అక్కర్లేదు. ఆవిడ పుస్తకాలు చదివేవారు, దానికి ఆ ఆలస్యం కూడా ఉండదు." అందరూ చప్పట్లు కొట్టారు. హిల్కా కూడా కొట్టింది. శీర్షికలో మొదటి సమీక్ష 'రెండో షిఫ్టు' మీదే వచ్చింది. డబ్బా శుభ్రంగా కడిగిన ఘట్టం కంట తడి పెట్టిస్తుందని అయిదు చుక్కలు ఇచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశారు. మనిషి రాతేనని తేలింది.

అట్టముక్క ఇప్పుడు క్లబ్బు గోడ మీద, పేకాట నిబంధనల పక్కన గుండుసూదితో గుచ్చి ఉంది. దాని కింద మరికొన్ని చేరుతున్నాయి. ఒమేర్ ఈమధ్య పెన్సిలుతో అట్టముక్కల మీదే రాస్తున్నాడు. శనివారం తెచ్చి హిల్కా ముందు పెడతాడు. ఆవిడ చదివి, "ఈ రెండోది దండగండి, కొట్టెయ్యండి" అంటుంది. "నువ్వు రాయి చూద్దాం" అంటాడు ఆయన. అరగంట పోట్లాడుకుని రెండోదాన్ని కొట్టేస్తారు. నాలుగో అట్టముక్క మీద రేయల్ పేరు పూర్తిగా, సరైన స్పెల్లింగుతో ఉంది.

ఒకటే ఇబ్బంది. మాంసం పొట్లం తీసుకుని వెనక్కి వచ్చేవాళ్లు ఆ గోడ దగ్గర నిలబడిపోతున్నారు. ఆట ఆలస్యమవుతోందని కార్యవర్గానికి ఫిర్యాదు అందింది. కార్యవర్గం సమావేశమై, అట్టముక్కల పైన ఒక ప్రకటన అంటించింది: "సభ్యులు దయచేసి ఇక్కడ ఆగరాదు." దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చుంటోంది జినెట్, ఆగనిచ్చేది లేదని. ఆవిడ ఇప్పటికి ఆ నాలుగు వాక్యాలూ ఎన్నిసార్లు చదివిందో ఆవిడకే తెలియదు.

ఇంతదాకా వచ్చిన పాఠక మహాశయులకు చిన్న మనవి. పైన ఆ నాలుగు వాక్యాల దగ్గర మీరు ఆగారో లేదో మాకు తెలియదు. మీ చేతిలో ఉన్నదానికి తెలుసు. ఆగి ఉంటే, ఈసారి ఈ కథ తెరిచినప్పుడు ఒమేర్ తల్లి డబ్బా కడుగుతూ కనిపిస్తుంది, ఆశ్చర్యపోకండి. ఆగకుండా కిందికి జారిపోయి ఉంటే మరీ మంచిది. ఆవిడ చేత దాన్ని ముందుగా కడిగించింది మీ కోసమే.